పొలిమేర జరిగినపుడు తోట నీరు ఎవరిది?

చింతలపూడి మెట్టసీమ. ఏలూరునకు ఉత్తరముగా, తెలంగాణలోని సత్తుపల్లి వైపు సాగు ఈ ప్రాంతములో ఎర్రగరప నేలలు, ఇసుక పాలెక్కువ గల చల్కలు కనబడును. పూర్వము ఇది పశ్చిమ గోదావరి జిల్లాలో ఒక తాలూకా కేంద్రము. 2022 ఏప్రిల్ 4న రాష్ట్రములో కొత్త జిల్లాలు అమలులోకి వచ్చినపుడు చింతలపూడియు, కృష్ణా జిల్లానుండి విడివడిన నూజివీడును ఒకే ఏలూరు జిల్లాలో చేరినవి. జిల్లా గీత మారుటకు ముందే తోటలు ఈ రెంటిని కలిపియున్నవి. నూజివీడు చిన్నరసములు, పెద్దరసములు, బంగినపల్లి, కలెక్టరు కాయలు ఏ మట్టిలో పండుచున్నవో అట్టి మట్టియే ఇక్కడను గలదు. మామిడి ప్రక్కనే ఆయిల్‌పామ్, దాని నీడలో కోకో, మరికొంత దూరము పోయిన మొక్కజొన్న, పొగాకు.

నేడు చింతలపూడి నగర పంచాయతి. బస్సు నిలయము చుట్టు అంగళ్ళు పెరిగినవి, రోడ్ల వెంట ఇండ్ల స్థలముల రాళ్ళు పాతుచున్నారు. ఇట్టి ఊరికి నేడు కాకున్న రేపు ఒక ప్రశ్న ఎదురుకాక తప్పదు: చుట్టునున్న పల్లెలను, తోటలను పట్టణములో కలుపుకొనవలెనా, వలదా? కలుపుకొన్నచో నీరెక్కడనుండి తేవలెను? కౌన్సిలు సభ్యులు దీనిని పట్టణాభివృద్ధిగా చూతురు. పల్లెలోని రైతు చూచునది వేరు. తన నలుబది చెట్ల తోట రేపు "వార్డు" లోనికి పోయినచో పన్ను ఎంత పెరుగును, బోరు త్రవ్వనిత్తురా, చెరువు తూము తాళము ఎవరి చేతికి పోవును అనునవి అతని సందేహములు. ఈ సందేహములు న్యాయమైనవి. వీనికి సమాధానము గ్రామసభ జరుగు దినమున వెదకుట కంటె ముందే తెలిసియుండుట మేలు.

నిర్ణయము ఎవరిది?

పట్టణ కౌన్సిలు ఒక తీర్మానము చేసినంత మాత్రమున పక్క గ్రామము పట్టణములో కలిసిపోదు. 1993 జూన్ 1 నుండి అమలులోనున్న 74వ రాజ్యాంగ సవరణలో దీనికి దారి చెప్పబడినది. పల్లె నుండి పట్టణముగా మారుచున్న ప్రాంతమును గుర్తించునపుడు అక్కడి జనాభా, జనసాంద్రత, స్థానిక ఆదాయము, వ్యవసాయేతర వృత్తులలో నున్నవారి పాలు, ఆర్థిక ప్రాముఖ్యము చూడవలెను. చూచి ప్రకటించునది రాష్ట్ర ప్రభుత్వము. కౌన్సిలు తీర్మానము, పంచాయతి తీర్మానము అభిప్రాయములు మాత్రమే. అయినను అవి కాగితముమీద నుండుట చాల అవసరము.

పై కొలతలలో రైతు గట్టిగా పట్టుకొనదగినది వ్యవసాయేతర వృత్తుల పాలు. జనాభా లెక్కలవారు ఒక ఊరిని పట్టణమని పిలుచుటకు 5,000 జనాభా, చదరపు కిలోమీటరునకు 400 మంది సాంద్రత, పని చేయు పురుషులలో నూటికి 75 మంది సేద్యముకాని పనులలో నుండుట అను మూడు గుర్తులు పెట్టుకొన్నారు. వారి లెక్క వేరు, మునిసిపల్ చట్టపు లెక్క వేరు. అయినను, ఇంటింటికి కోతకాలమున మామిడి బుట్టలల్లు ఊరు, కూలీలందరు తోటపనిమీదనే బ్రదుకు ఊరు పట్టణమెట్లగునని అడుగుటకు ఇది చక్కని ఆధారము.

మన జిల్లా కేంద్రమునే చూడుడు. ఏలూరు 1866 నాటి మునిసిపాలిటీ, 2005లో కార్పొరేషనైనది. తరువాత శనివారపుపేట, సత్రంపాడు, చోదిమెళ్ళ, తంగెళ్ళమూడి, కొమడవోలు, పోణంగి, వెంకటాపురము అను ఏడు పంచాయతులు అందులో విలీనమైనవి. ఇండ్లు అప్పటికే ఏలూరుతో కలిసిపోయియున్నందున చూపునకు ఇది సహజమైన పనిగానే తోచును. కాని ఆ తరువాతి కథ వినదగినది. 2021 మార్చి 10న కార్పొరేషను ఎన్నికలు జరిగినవి. వోటరు జాబితాలపై వచ్చిన వ్యాజ్యముల వలన వోట్ల లెక్కింపు ఆగిపోయి, జూలై 25న గాని జరుగలేదు. పెట్టెలలో వోట్లు నాలుగు నెలలకు పైగా నిదురించినవన్నమాట. కలిపివేయుట ఒక ఉత్తరువుతో అగును. జాబితాలు, వార్డులు, రికార్డులు సరిగా కలియుటకు ఓర్పు, కాలము కావలెను.

రెండవ వైపు ఉదాహరణ అమరావతిది. 2022లో రాజధాని గ్రామములను పురపాలక సంస్థగా చేయు ప్రతిపాదనలపై గ్రామసభలు జరిగినపుడు, మొదట 19 గ్రామములతోను, పిమ్మట 22 గ్రామములతోను వచ్చిన రెండు ప్రతిపాదనలను గ్రామస్థులు వ్యతిరేకించిరి. ఆ సంస్థలు ఏర్పడలేదు. అక్కడి కారణములు మనకు వర్తింపవు, వారి రాజకీయము వేరు. కాని గ్రామసభలో పలికిన మాట గాలికి పోదని మాత్రము దానినిబట్టి తెలియుచున్నది.

పన్నుల సంగతి

దీనిపై భయము ఎక్కువ, తెలివిడి తక్కువ. కొన్ని భయములు నిజములు, కొన్ని వట్టివి.

పట్టణ పరిధిలోనికి వచ్చినంతనే తోటకు ఖాళీస్థలపు పన్ను పడునని చాలమంది నమ్ముచున్నారు. 1965 నాటి మునిసిపాలిటీల చట్టము ప్రకారము కేవలము సేద్యమునకే ఉపయోగించు భూమిపై ఆ పన్ను లేదు. అయితే చెట్లు కొట్టి, గట్లు చదును చేసి, రాళ్ళు పాతి, కొనువాని కొరకు కాచుకొని యున్న భూమి సేద్యపు భూమి కాదు. దానిపై పన్ను పడును. ఇండ్లపై పన్ను మాత్రము మారును. 2020లో చట్టము సవరించి, 2021 ఏప్రిల్ నుండి పట్టణములలో ఇంటిపన్నును అద్దె విలువపై కాక ఆస్తి మూలధన విలువపై నిర్ణయించుచున్నారు. చుట్టుపక్కల స్థలముల ధర పెరిగినచో, తన యింటిని అమ్మని వానికిని ఆ వేడి తగులును.

అమ్మకముపై ఆదాయపు పన్ను సంగతి ఇంకొకటి. ఇందులో తరచు పొరపాటు పడుచున్నారు. తోటపై వచ్చు పంట ఆదాయము వ్యవసాయాదాయమే, తోట పట్టణములో నున్నను అంతే. కాని భూమిని అమ్మినపుడు వచ్చు లాభము వేరు. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టము 10,000కు తగ్గని జనాభాగల పట్టణపు హద్దులోని సేద్యపు భూమిని మూలధన ఆస్తిగా లెక్కించినది. అంతటితో ఆగక, లక్షలోపు జనాభాగల పట్టణమునకు హద్దు వెలుపల 2 కిలోమీటర్లు, లక్ష దాటి పది లక్షల వరకు 6 కిలోమీటర్లు, ఆపైన 8 కిలోమీటర్ల వరకు ఇదే సూత్రము పెట్టినది. 2025 నాటి కొత్త చట్టమును ఇదే ఒరవడిని అనుసరించినది. దూరము రోడ్డు వెంట కాదు, తిన్నగా ఆకాశమార్గమున కొలుతురు. కనుక "మేము పట్టణములో కలియము, పన్ను తప్పించుకొందుము" అనుకొన్న పల్లె, హద్దుకు రెండు కిలోమీటర్లలో నున్నచో తప్పించుకొన్నది లేదు. పైగా పట్టణపు గీత ముందుకు జరిగినపుడు ఆ రెండు కిలోమీటర్లును దానితో పాటు జరుగును. కలియని పల్లె కూడ అందులో పడవచ్చును. అమ్మకమునకు ముందు రెండేండ్లు తానో, తన తలిదండ్రులో సాగుచేసిన భూమి అయి, అమ్మిన పిదప రెండేండ్లలోపల వేరొక సేద్యపు భూమి కొన్నచో ఆ మేరకు మినహాయింపు గలదు. అమ్ముటకు ముందే ఈ సంగతి లెక్క తెలిసినవానిని అడుగవలెను. అమ్మి సొమ్ము ఖర్చు చేసిన పిదప కాదు.

భూసేకరణలో నష్టపరిహారమునకు కూడ ఈ గీతతో సంబంధమున్నది. 2013 నాటి చట్టము గ్రామప్రాంతపు భూమికి మార్కెట్ విలువను 1 నుండి 2 వరకు రాష్ట్రము నిర్ణయించు గుణకముతో హెచ్చించుమన్నది. పట్టణ భూమికి గుణకము 1 మాత్రమే. పట్టణములో మూలవిలువ ఎక్కువ కావచ్చును గాని, రికార్డులలో ఆ విలువ పెరుగకముందే సేకరణ వచ్చినచో రైతు రెండువిధముల నష్టపోవును. చెట్ల విలువ వేరుగా కట్టవలెనను సంగతి మరువరాదు.

కూలీలకు కలుగు నష్టమును గురించి ఎవరును మాటలాడరు. గ్రామీణ ఉపాధి హామీ పనులు, 2005 నాటి చట్టము క్రిందనైనను, 2025 డిసెంబరులో దాని స్థానమున పార్లమెంటు ఆమోదించిన చట్టము క్రిందనైనను, గ్రామ ప్రాంతములకే. ఊరు పట్టణమైన దినముననే ఆ పనులు ఆగును. కోతలు ముగిసిన పిదప జూలై మొదలు పూత వరకు తోటలలో పని పలుచన. ఆ నెలలలో చెరువు పూడికతీత పనిమీద గడుపుకొను కుటుంబములు ఏమి చేయవలెను? కలుపవలెనను కౌన్సిలువారు దీనికి సమాధానము చెప్పి తీరవలెను. ప్రధానమంత్రి కిసాన్ సొమ్ము ఆగిపోవునను భయము మాత్రము వట్టిది. పట్టణములో నున్నను వాస్తవముగా సాగులో నున్న భూమికి అది వర్తించును.

నీటి లెక్క

ఇక అసలు విషయము. చింతలపూడి సీమలో నీరు రెండు దారుల వచ్చుచున్నది: ఒకటి చెరువులు, వాగులు, రెండవది బోరు. మండలములోని నాగిరెడ్డిగూడెము వద్ద తమ్మిలేరుపై జలాశయము గలదు. గోదావరి నీటిని ఈ మెట్టలకెత్తు చింతలపూడి ఎత్తిపోతల పథకమునకు 2008లో శంకుస్థాపన జరిగినది. తరువాత దాని లక్ష్యమును 4.80 లక్షల ఎకరములకు పెంచిరి. పదిహేనేండ్లు దాటినను అది పూర్తికాలేదు. కావున రాబోవు నీటిని చూపి నేటి నీటిని పంచుకొనుట తగదు. ఉన్నదానిలోనే లెక్క చూచుకొనవలెను.

తాగునీటికి ప్రభుత్వములు పెట్టుకొన్న కొలతలు తెలిసినవే. 2019 ఆగస్టు 15న ప్రకటించిన జల జీవన్ మిషన్ పల్లెలో మనిషికి రోజునకు 55 లీటర్లన్నది. పట్టణములకు, గొట్టముల నీరుండి భూగర్భ మురుగు కాలువలు లేనిచోట 70 లీటర్లు, అవియు నున్నచోట 135 లీటర్లు ఇవ్వవలెనని కేంద్రపు నీటిసరఫరా ఇంజనీరింగు గ్రంథము సూచించినది. అనగా, పల్లె పట్టణములో కలియుటతోనే అదే మనిషి హక్కుగా అడుగు నీరు 55 నుండి 70కి, తరువాత 135కు పెరుగును.

దీనిని తోటతో పోల్చి చూతము. ఆయిల్‌పామ్ ఎకరమునకు 57 మొక్కలు. కాపునకు వచ్చిన చెట్టునకు వేసవిలో రోజునకు 200 లీటర్లకు తక్కువ కాకుండ నీరు కావలెను. అనగా ఎకరమునకు 11,400 లీటర్లు. ఇదే నీరు పల్లె కొలత ప్రకారము 207 మందికి, మురుగు కాలువలు లేని పట్టణములో 163 మందికి, కాలువలున్న పట్టణములో 84 మందికి చాలును. ఈ లెక్క చూచి కొందరు పట్టణవాసులు "తోటలే మా నీరు త్రాగుచున్నవి" అందురు. తొందరపడవలదు. రెండవవైపు నుండి చూడవలెను.

పదివేల మంది జనాభాగల ఊరికి 70 లీటర్ల చొప్పున రోజునకు 7 లక్షల లీటర్లు. నూరు రోజుల వేసవికి 7 కోట్ల లీటర్లు. ఎకరము విస్తీర్ణములో అడుగు లోతు నీరు 12.33 లక్షల లీటర్లు. ఆ ప్రకారము ఊరి వేసవి మొత్తము నీరు సుమారు 57 ఎకరముల అడుగులు. వరి పంటకు నాలుగడుగుల నీరు పట్టుననుకొన్నచో, ఇది 14 ఎకరముల వరికి పెట్టు నీరు! ఆవిరి, ఊట నష్టము వేరుగా చేర్చి రెట్టింపు వేసికొన్నను 28 ఎకరములకు మించదు. కాబట్టి చెరువు క్రింద నూరెకరములు సాగగుచోట పట్టణపు తాగునీరు రైతును ముంచునంత పెద్దది కాదు. తగవు నీటి పరిమాణముపై వచ్చుట లేదు. ఎప్పుడు, ఏ మట్టము వరకు అను రెండు మాటలపై వచ్చుచున్నది.

మామిడి రైతునకు ఇది మరింత బాగుగ తెలియును. పూతకు ముందు రెండు మూడు నెలలు మామిడికి నీరు పెట్టరాదు. పెట్టినచో చెట్టు చిగురు వేయును గాని పూయదు. పిందె బఠాణీ గింజంత అయిన తరువాత పది పదునైదు దినముల కొక తడి ఇచ్చినచో పిందె రాలుట తగ్గి కాయ ఊరును. ఆ తడులు ఫిబ్రవరి, మార్చి, ఏప్రిల్ నెలలలో పడును. కోతకు రెండు మూడు వారముల ముందు మరల ఆపవలెను. పట్టణమునకు నీటి ఎద్దడి ఎప్పుడు? మార్చినుండి జూన్ తొలకరి వరకు. అనగా మార్చి, ఏప్రిల్ నెలలలో రెండును ఢీకొనును. మే నెలలో తోట తప్పుకొనును, పట్టణము ఒక్కటే మిగులును. అక్టోబరు మొదలు డిసెంబరు వరకు తోటకు నీరక్కరలేదు. ఆ మూడు నెలలలో పట్టణము తన నిలువ చెరువును నింపుకొన్నచో మార్చిలో రైతు మోటారు జోలికి పోనక్కరలేదు. ఇంత సులువైన సంగతిని ఒప్పందములో వ్రాసికొనక, ఏటేటా మార్చి నెలలో తూముమీద నిలబడి అరచుకొనుట మన యలవాటు.

ఆయిల్‌పామ్‌కు ఈ సౌకర్యము లేదు. దానికి ఏడాది పొడుగునను నీరు కావలెను, వేసవిలో మరింత కావలెను. ఆకులు, గెలల తొడిమెలు మొదలున మల్చింగుగా పరచి, బిందుసేద్యము పెట్టుకొన్న తోట అదే నీటితో ఎక్కువ దినములు గట్టెక్కును. పట్టణపు హద్దునకు దగ్గరలో కొత్తగా తోట వేయదలచువారు ఆయిల్‌పామా, మామిడియా అని ఆలోచించునపుడు ఈ భేదమును లెక్కలోనికి తీసికొనవలెను. పెదవేగిలోని ఆయిల్‌పామ్ పరిశోధన సంస్థవారిని, నూజివీడులోని మామిడి పరిశోధన స్థానమువారిని అడిగినచో నేలను బట్టి సలహా ఇత్తురు.

బోరుల విషయములో ఇంకొక చిక్కు. 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టమును, అనగా వాల్టాను, రైతులందరు విన్నదే. ప్రజల తాగునీటి ఆధారమునకు 250 మీటర్ల లోపున, తాగునీటికి తప్ప, కొత్త బావి త్రవ్వరాదని అందున్నది. పట్టణమువారు నీ తోట గట్టునానుకొని ప్రజాబోరు వేసినచో, రేపు నీ పాత బోరు ఎండినపుడు కొత్తది వేయుటకు చిక్కు వచ్చును. 250 మీటర్ల చుట్టుగీతలో దాదాపు 48 ఎకరములుండును. కావున పట్టణము ప్రజాబోరు ఎక్కడ వేయునో ముందుగ అడిగి, సాధ్యమైనంత వరకు పోరంబోకులో, వాగు ఒడ్డున, తోటలకు దూరముగ వేయించుకొనుట రైతుల పని.

తూము తాళము

1997లో మన రాష్ట్రము సాగునీటి వ్యవస్థల నిర్వహణను రైతులకే అప్పగించు చట్టము చేసి, 10,292 నీటి వినియోగదారుల సంఘములను ఏర్పరచినది. దేశములో అంతకు ముందు ఇంత పెద్ద ఎత్తున ఈ పని ఎవరును చేయలేదు. మధ్యలో కొన్నేండ్లు సంఘములు ఎన్నికలు లేక నిద్రపోయినవి. 2024 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్‌లో మరల ఎన్నికలు జరిగినవి. చెరువు క్రింద భూమి గలవారందరు ఇందు సభ్యులు. కట్ట, తూము, కాలువ వీరి ఆధీనము.

పట్టణము నీరు తీసికొనదలచిన చెరువుపై సంఘమున్నచో మాటలాడవలసినది ఆ సంఘముతోనే. పట్టణపు హద్దు మారిన మాత్రమున సంఘము పోదు. దాని సభ్యత్వము ఆయకట్టును బట్టి గాని వార్డును బట్టి కాదు. ఈ చిన్న సంగతిని కౌన్సిలువారును, రైతులును కూడ గమనించుట లేదు. పంచాయతి చేతనున్న చిన్న కుంటలు మాత్రము వేరు. పంచాయతి ఆస్తులు, అప్పులు పట్టణమునకు సంక్రమించును. కుంట చేపల పాట సొమ్ము గూడ అటే పోవును. ఆ సొమ్ముతో ఇంతవరకు కట్ట మరమ్మతు జరుగుచుండినచో ఇకముందు ఎవరు చేయుదురో అడిగి వ్రాయించుకొనవలెను. రక్షిత మంచినీటి పథకము ఒక్క పల్లెది కాక పది పల్లెలకు కలిపి వేసినదైనచో, అందులో రెండు పల్లెలు పట్టణములో చేరినపుడు మిగిలిన ఎనిమిదింటికి ఖర్చు పాలు పెరుగును. మోటారు కరెంటు బిల్లు పల్లెల సంఖ్యను చూచి తగ్గదు గదా!

సరిహద్దు ఒకరి చేతను, నీటి గొట్టము ఇంకొకరి చేతను ఉండుట కొత్త కాదు. హైదరాబాదులో 1989లోనే మంచినీటికి, మురుగునీటికి ప్రత్యేకముగ బోర్డు ఏర్పడినది. 2007 ఏప్రిల్ 16న 12 మునిసిపాలిటీలు, 8 పంచాయతులు నగరములో కలిసి గ్రేటరు హైదరాబాదు అయినది. హద్దు ఒక్కదినమున మారినది. శివారు కాలనీలకు బోర్డు గొట్టములు చేరుటకు ఏండ్లు పట్టినవి. ఆ ఏండ్లలో అక్కడివారిని ఆదుకొన్నది లారీ ట్యాంకరు. ఆ ట్యాంకరు నీరు ఎక్కడనుండి వచ్చినది? నగరము చుట్టునున్న పొలముల బోరులనుండి. పంటకంటె నీరమ్ముటయే లాభమని సేద్యము వదలిన రైతులు కూడ ఆ చుట్టుపట్ల ఉండిరి.

అమెరికాలో టెక్సాసు రాష్ట్రమున ఈ వ్యవహారము మరొక విధముగ నడచును. నగరమునకు వెలుపల ఇండ్లు వెలయునపుడు నీరు, మురుగు కొరకు ప్రత్యేక జిల్లా యేర్పడి, బాండ్లు అమ్మి గొట్టములు వేసి, ఇండ్లపై పన్ను వసూలు చేసికొనును. తరువాత నగరము ఆ ప్రాంతమును కలుపుకొన్నచో ఆ జిల్లా అప్పు నగరము నెత్తికి వచ్చును. అందుచేత నగరమును జిల్లాయును ముందే ఒప్పందము వ్రాసికొందురు. మన తెలుగువారు చాలమంది నివసించు షుగర్‌లాండు నగరము ఇట్టి ఒప్పందముల పిదపనే 2017 డిసెంబరులో న్యూ టెరిటరీ, గ్రేట్‌వుడ్ అను రెండు పేటలను తనలో కలుపుకొన్నది. 2019లో ఆ రాష్ట్రము, నివాసుల సమ్మతి లేకుండ నగరము వారిని కలుపుకొనరాదని చట్టము చేసినది. పేరునకే షుగర్‌లాండు, చెరకు తోటలు పోయి ఇండ్లు వచ్చిన చోటు అది. తోటలను గురించి వారినుండి నేర్చుకొనునది లేదు గాని, అప్పును, గొట్టమును, హద్దును ఒకే కాగితముమీద ముందే వ్రాసికొను పద్ధతిని నేర్చుకొనవచ్చును.

చింతలపూడి వంటి చోట నగర పంచాయతికి, నీటి సంఘమునకు మధ్య అట్టి కాగితమున ఏముండవలెను? నా అభిప్రాయమున అన్నిటికంటె ముందు మట్టము. చెరువులో ఏ అడుగు వరకు నీరు దిగినపుడు సాగు తూము మూయవలెనో, ఏ అడుగు క్రింద పట్టణపు మోటారు కూడ ఆగి పశువులకు వదలవలెనో తేల్చవలెను. పిమ్మట పూడిక ఖర్చు. పట్టణము నీరు త్రాగుచున్నపుడు కట్టకు, పూడికకు తన పాలు సొమ్ము సంఘమునకు చెల్లింపవలెను. "తాగునీటికి మొదటి హక్కు" అను మాట ఉచితము అని యర్థము కాదు. తోటల గుండా గొట్టము పోయినచో ఎన్ని చెట్ల వేళ్ళు తెగునో చూచి, గట్టు వెంట త్రవ్వవలెను. మామిడి వేరు చెట్టు గొడుగుకు వెలుపలికి కూడ పోవును. కాపు చెట్టు మొదలు దగ్గర కాలువ త్రవ్విన గుత్తేదారునకు ఒక్క దినపు పని, రైతునకు పదేండ్ల చెట్టు.

మురుగు, ఇటుక బట్టీలు, ఎరువు

పట్టణము నీరు తీసికొనుట ఒక్కటే కాదు, మురుగు వదలును గూడ. ఈ సీమ వాగులలో చాలభాగము తమ్మిలేరులో పడును. తమ్మిలేరు ఏలూరు వద్ద రెండు పాయలై కొల్లేరు చేరును. 1999లో కొల్లేరు వన్యప్రాణి అభయారణ్యమైనది, 2002లో రాంసారు జాబితాలో చేరినది. చింతలపూడి కాలువలో నేడు వదలినది రేపు అక్కడి చేపకు చేరును. మురుగునీటిని శుద్ధిచేసి పశుగ్రాసమునకు, కలప తోటలకు పారించుట కొల్లేరునకును, తాగునీటి చెరువునకును మేలు. పచ్చిగా తినదగిన కూరలకు మాత్రము పనికిరాదు.

పట్టణముతో పాటు ఇటుక బట్టీలు వచ్చును. ఉత్తరప్రదేశములో బట్టీల పొగకు దగ్గరనున్న మామిడితోటలలో కాయ కొన నల్లబారి చదునగు తెగులును ఎనుబదేండ్ల క్రిందటనే గుర్తించిరి. ఇది పురుగు వలన గాని శిలీంధ్రము వలన గాని వచ్చునది కాదు. బట్టీ పొగలోని గంధకపు వాయువు, ఎథిలీన్ వంటివి కారణము. పిందెదశ నుండి లీటరు నీటికి 6 గ్రాముల బోరాక్సు కలిపి రెండు మూడు మార్లు చల్లినచో తెగులు తగ్గును. బట్టీలు తోటకు ఒకటిన్నర కిలోమీటరు దూరములో లేకుండ చూచుట అంతకంటె మంచిది. పట్టణపు ప్రణాళికలో బట్టీల స్థలము గుర్తించునపుడు తోట రైతులు ఈ దూరమును అడుగవలెను. మార్చి ఏప్రిల్ నెలలలో గాలి ఏ దిక్కునుండి వీచునో తోటవారికంటె ఎవరికి తెలియును?

పట్టణమునుండి తోటకు రాగల లాభము ఒకటి గలదు, దానిని మనము పూర్తిగ వినియోగించుకొనుట లేదు. ఆల్బర్టు హోవర్డు ఇండోరులో పొలపు చెత్తను కుళ్ళబెట్టి ఎరువు చేయు పద్ధతిని నెలకొల్పెను. పట్టణపు చెత్తకు తగినట్లు ఆచార్య 1939లో బెంగుళూరు పద్ధతిని రూపొందించెను. ఒకప్పుడు మునిసిపాలిటీల కంపోస్టు బండ్లు పొలములకు వరుసగట్టి వచ్చెడివి. తరువాత చెత్తలో ప్లాస్టిక్కు, గాజు, బ్యాటరీలు చేరి రైతు ఆ ఎరువును నమ్ముట మానివేసెను, అందులో అతని తప్పు లేదు. ఇండ్లలోనే తడిచెత్త, పొడిచెత్త వేరుచేసినచోట మాత్రము మంచి ఎరువు దొరకును. హద్దు విషయమై మాటలాడుటకు కౌన్సిలువారు వచ్చినపుడు, తోటలకు తడిచెత్త ఎరువు ఏ నెలలో, ఎన్ని బండ్లు, ఏ ధరకు పంపుదురో గూడ అడిగి వ్రాయించుకొనవచ్చును. మామిడికి ఎరువు వేయవలసినది కోతలు ముగిసి తొలకరి పడగానే, జూన్ జూలై నెలలలో. ఎండాకాలమంతయు పోగుపడిన చెత్త అప్పటికి మాగి సిద్ధమగును.

తూము వద్ద అడుగుల గీతలు చెక్కిన రాయి లేని చెరువులు ఇప్పటికిని గలవు. సంఘము వారు ఈ వేసవిలో నీరు దిగి కట్ట లోపలి వైపు ఆరినపుడే ఆ రాయి నిలువబెట్టించి, నీటిపారుదల ఇంజనీరుచేత మట్టము సరిచూపించి, ప్రతి పక్షమునకు నీటిమట్టమును ఒక పుస్తకములో వ్రాసి, కౌన్సిలువారికి ఒక నకలు పంపవలెను.